నీళ్లు కలపని వేంకటేశ్వర్లు గారు, ఉప్పునీటి పువ్వు

తెనాలిలో కాఫీ గురించి మాట్లాడేవాళ్లు బోలెడుమంది. కాఫీ తెలిసినవాళ్లు నలుగురో అయిదుగురో ఉంటారు. వాళ్లలో మా ఇంటివాళ్లు వేంకటేశ్వర్లు గారొకరు. ఇంటివాళ్లంటే నేను అద్దెకున్న ఇంటి యజమాని. కింది వాటాలో ఆయన, ఆయన భార్య బాలాత్రిపురసుందరి గారు ఉంటారు. పై వాటాలో నేనుంటాను. నా పేరు రఘురామ్. జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఈ చివరి మాట కాస్త గుర్తుపెట్టుకోండి. ఈ కథలో నా పరువు పోయేది అక్కడే.

వేంకటేశ్వర్లు గారికి బోసు రోడ్డు పక్క సందులో చిన్న కాఫీ హోటలుంది. పొద్దున ఇడ్లీ, పెసరట్టు. రోజంతా కాఫీ. గల్లాపెట్టె వెనక గోడ మీద ధరల పట్టిక లేదు గానీ, వాళ్ల నాన్నగారు రాయించిన బోర్డు మాత్రం ఉంది: "ఇచ్చట పాలలో చుక్క నీరు కలపబడదు." అక్షరాలు వెలిసిపోతే ప్రతి ఉగాదికీ ఆయనే కుంచె పట్టుకుని దిద్దుకుంటాడు.

అందరూ జేబులో పెన్ను పెట్టుకుంటారు. ఈయన లాక్టోమీటరు పెట్టుకుంటాడు. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను, అదొక గాజు గొట్టం. అడుగున బరువు, పైన సన్నటి కాడ, కాడ మీద గీతలు, అంకెలు. పాలలో వేస్తే నిలువుగా తేలుతుంది. పాలు చిక్కగా ఉంటే పైకి లేచి పెద్ద అంకె చూపిస్తుంది, నీళ్లు కలిస్తే కిందికి దిగి చిన్న అంకె చూపిస్తుంది. ముప్పై దగ్గర నిలబడితే వేంకటేశ్వర్లు గారి మొహం వికసిస్తుంది. ఇరవై ఆరు చూపించిందా, ఇక ఆ పాలు తెచ్చినవాడి సంగతి ఆ దేవుడికే ఎరుక.

ఒకసారి నందివెలుగు నుంచి పాలు పోసే ఆసామి ఇంట్లో పెళ్లి. ఆ పొద్దున పాలు అతని తమ్ముడు తెచ్చాడు. మీటరు ఇరవై ఆరు దగ్గర ఆగింది. ఈయన ఆ పాలు తిప్పి పంపి, "ఈ పూట కాఫీ లేదు" అని పలక రాసి తలుపు మీద పెట్టి, సాయంత్రం అదే పెళ్లికి వెళ్లాడు. అక్షింతలు వేసి, పప్పూ ఆవకాయా తృప్తిగా తిని, తాంబూలం పుచ్చుకుని, చెయ్యి కడుక్కునే చోట ఆ తమ్ముణ్ణి పట్టుకుని పావుగంట క్లాసు పీకాడు. పెళ్లివారెవరూ ఏమీ అనలేదు. ఆయన తీరే అంత అని ఊరంతా ఒప్పేసుకుంది.

నాకు ఆ మనిషంటే గౌరవం. ఒళ్లుమంట కూడా. ఒక మాట పట్టుకున్నాడంటే దాన్ని వదలడు, చుట్టుపక్కల ఏముందో చూడడు.

ఇక బాలాత్రిపురసుందరి గారి సంగతి. ఆవిడది బాపట్ల. చిన్నప్పుడు సూర్యలంక ఇసకలో ఆడుకుని పెరిగింది. పెళ్లయి తెనాలి వచ్చాక ముప్పై ఒక్క ఏళ్లు హోటలు పచ్చళ్లు, సాంబారు పొడి, పిండి పులిసిందా లేదా, అంతా ఆవిడే. తనకోసం ఫలానాది కావాలని అడిగిన పాపాన పోలేదు. రెండేళ్ల కిందట విజయవాడలో ఉన్న వాళ్లక్క కొడుకు కృష్ణతేజ ఇల్లు మారుతూ, తన పెద్ద గాజుతొట్టిని వదిలించుకోవాలని చూశాడు. ఉప్పునీటి తొట్టి. రాళ్లు, పంపులు, నీలం దీపాలు, రెండు నారింజరంగు చేపలు, ఒక సీ అనిమోన్.

"నాకిచ్చేయ్‌రా," అందిట ఆవిడ. అంతే. అది ముందుగదిలోకి వచ్చి కూచుంది.

సీ అనిమోన్ బొమ్మ నేను పదిహేనేళ్లుగా బల్ల మీద గీస్తున్నాను. భాగాలు గుర్తించండి అని మార్కులు కూడా వేస్తున్నాను. ప్రాణంతో ఉన్నదాన్ని చూడటం మాత్రం మా ఇంటివాళ్ల ముందుగదిలోనే మొదలు. చూడ్డానికి పువ్వు, నిజానికి జంతువు. పాదాన్ని రాతికి అంటించుకుని, చుట్టూ వేళ్లు చాచుకుని కూచుంటుంది. వేళ్ల చివర్లు లేత గులాబీరంగు బుడగల్లా ఉబ్బి ఉంటాయి. ఆ వేళ్లు వేరే చేపలకి విషం, ఆ రెండు నారింజ చేపలకి మాత్రం పరుపు. దాని ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుంది, ఆ నాచు దీపం వెలుగులో వండిపెట్టినదే దాని అసలు భోజనం. పైన వారానికి రెండుసార్లు చిన్న రొయ్యముక్క పడితే ఇంకా కళకళలాడుతుంది.

ఆ రొయ్యముక్క దగ్గర వచ్చింది చిక్కు. ఉల్లిపాయ కూడా కార్తీకమాసంలో గడప తొక్కని ఇల్లది. దానికి బాలాత్రిపురసుందరి గారే దారి చూసింది. రేపల్లె రైల్లో చేపల గంప దించుకుని తెనాలి వీధుల్లో అమ్మే వెంకటసుబ్బులు ఉంది కదా, ఆమెది నిజాంపట్నం. భర్త పోలయ్యకి బోటుంది. పోలయ్య లోపలి సముద్రంలో పట్టిన శుభ్రమైన నీళ్లు క్యాన్లలో పంపుతాడు. వెంకటసుబ్బులు మంగళ, శుక్రవారాలు పెరటి గుమ్మంలోంచి వచ్చి, తన పట్టకారుతో తనే రొయ్యముక్క పువ్వు నోటికందించి, చేతులు కడుక్కుని, ముందు అరుగు మీద కూచుని కాఫీ తాగి వెళుతుంది. రెండేళ్లు ఏ గొడవా లేకుండా నడిచిపోయింది.

ఈ ఏప్రిల్ మొదటివారంలో పూణేలో ఉన్న కూతురు ఆమనికి నెలలు నిండాయి. పురుడు పోసి, పిల్లకి మూడోనెల వచ్చేదాకా ఉండి రావాలని బాలాత్రిపురసుందరి గారు బయల్దేరింది. వెళ్లేముందు నన్నూ కిందికి పిలిచి, మా ఇద్దరికీ కలిపి చెప్పింది.

"ఏవండీ, తొట్టి మీద ఎర్ర గీత పెట్టాను చూడండి. ఫ్యాను గాలికి రోజూ నీళ్లు తగ్గుతాయి. పొద్దున్నే హోటల్లోంచి ఆర్వో మంచినీళ్లు తెచ్చి ఆ గీత దాకా పొయ్యండి. కుళాయి నీళ్లు వద్దు. వారానికోసారి రెండు బిందెలు తీసేసి రెండు బిందెలు సముద్రపు నీళ్లు మార్చండి. పంపుకి స్పాంజి ముక్క ఊడకుండా చూడండి." కాస్త ఆగి, "పువ్వు జాగ్రత్తండీ," అంది. హోటలు జాగ్రత్త అనలేదు, ఇల్లు జాగ్రత్త అనలేదు.

ఆవిణ్ణి రైలెక్కించి నేనూ వేంకటేశ్వర్లు గారూ ఆటోలో తిరిగొచ్చాం. ఇంటి ముందు దిగాక ఆయన నా భుజం పట్టుకున్నాడు.

"విన్నారా మాస్టారూ? సముద్రపు నీళ్లలో రోజూ మంచినీళ్లు కలుపుతోందట. రెండేళ్లుగా. నా ఇంట్లో!"

"అవునండి, విన్నాను."

"నన్ను సముద్రం దాకా తిప్పడం ఇష్టంలేక సర్దుకుపోయింది పాపం. నేనున్నాను కదా, నాకు చెప్పొద్దూ? సరే, చదువుకున్నవారు మీరు చెప్పండి. సముద్రంలో పుట్టిన జీవానికి సముద్రపు నీళ్లు మంచివా, ఆర్వో నీళ్లు మంచివా?"

చదువుకున్నవారు అన్నాడుగా, నాకు ఎక్కడలేని ఠీవీ వచ్చేసింది. "సముద్రపు నీళ్లేనండి. అందులో సందేహమేముంది?" అన్నాను. నా జీవితంలో ఇంత తొందరపడి ఇంత తప్పుగా ఇంకేదీ చెప్పలేదు.

మర్నాటి నుంచి ఆయన గీత దాకా సముద్రపు నీళ్లే పోశాడు. చుక్క మంచినీళ్లు కలపలేదు. భార్య చేసిన లోపాన్ని సవరిస్తున్నానన్న ఆనందం ఆయన మొహంలో కొట్టొచ్చినట్టు కనపడేది. పైగా అలవాటు ప్రకారం జేబులోంచి లాక్టోమీటరు తీసి తొట్టిలో వేశాడు. ఇరవై నాలుగు చూపించింది. పెదవి విరిచాడు. వారం తిరిగేసరికి ఇరవై ఏడు. పిలిచి చూపించాడు. ఇంకో వారానికి ఇరవై తొమ్మిది.

"గేదెపాల నంబరుకి వచ్చేశాం మాస్టారూ. చూశారా, కల్తీ ఆపితే ఎంత చిక్కబడ్డాయో!"

నేను కూడా చూసి, "భేష్" అన్నాను. అన్నాను, దాచుకోవడమెందుకు.

ఏప్రిల్ పదిహేను నుంచి సముద్రంలో వేట నిషేధం. రెండు నెలలపాటు బోట్లు కదలవు. పోలయ్య బోటు ఒడ్డెక్కింది, క్యాన్లు ఆగిపోయాయి, వెంకటసుబ్బులు రావడం మానేసింది. రొయ్యముక్కల బాధ్యత నా మీద పడింది. నా ఫ్రిజ్‌లో పెట్టుకుని, నేనే దిగొచ్చి అందించేవాణ్ణి. నీళ్లకి మాత్రం ఆదివారం ఆదివారం మేమిద్దరం బాపట్ల రైలెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో సూర్యలంక వెళ్లేవాళ్లం.

మొదటి ఆదివారం బీచ్ నిండా జనం. వేంకటేశ్వర్లు గారు పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి, ఒడ్డున నురగ నీళ్లు పనికిరావని నడుం లోతుకి దిగి, క్యాను నింపుకుని, జేబులోంచి మీటరు తీసి అందులో వేశాడు. పక్కన స్నానం చేస్తున్న కుర్రాళ్లు ఆగి చూశారు.

"ఏంటి బాబాయ్, సముద్రంలో పాలు పితుకుతున్నారా?" అన్నాడొకడు.

ఆయన వినిపించుకోలేదు. మీటరు వైపే చూస్తున్నాడు. "ఇరవై నాలుగేనా? ఇంత పల్చగానా?" ఇంకో పది అడుగులు లోపలికి వెళ్లి మళ్లీ వేశాడు. మళ్లీ ఇరవై నాలుగే. ఒడ్డుకొచ్చి ఇసకలో కూలబడ్డాడు.

"అంతా కృష్ణానది వల్లండి. హంసలదీవి దగ్గర వచ్చి కలుస్తోందా లేదా? అటు గోదావరి. చిన్నా చితకా కాలవలు సరేసరి. అందరూ తలా ఇన్ని నీళ్లు పోసేవాళ్లే. సముద్రం మాత్రం ఏం చేస్తుంది?"

ఆ కుర్రాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. కానీ నవ్వి ఊరుకున్నాను. సముద్రంలో ఇరవై నాలుగుంటే మన తొట్టిలో ఇరవై తొమ్మిది ఎందుకుందని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే బాగుండేది. ఆయనైతే ఆ తేడాకి గర్వపడుతూ రైలెక్కాడు. సముద్రం కన్నా తన తొట్టి నీళ్లు చిక్కగా ఉన్నాయని ఎదుటి సీటువాళ్లకి కూడా చెప్పాడు.

పువ్వు మాత్రం గర్వపడలేదు. మే నెల వచ్చేసరికి వేళ్ల చివర బుడగలు పోయి, సన్నగా దారాల్లా వేలాడాయి. నోరు తెరుచుకుని ఉండిపోయింది. రొయ్యముక్క అందిస్తే పట్టుకునేది కాదు, జారిపోయేది. ఒకరోజు పొద్దున చూస్తే తన రాయి మీద లేదు. రెండేళ్లు అంటిపెట్టుకున్న చోటు వదిలి, మెల్లగా పాకుతూ వెళ్లి తొట్టి మూలన, పంపు పక్కన ముడుచుకుని కూచుంది. చేపలు రెండూ ఖాళీ రాయి చుట్టూ తిరుగుతున్నాయి. స్పాంజి ముక్క లేకపోతే పంపు దాన్ని అప్పుడే పీల్చేసేది.

వేంకటేశ్వర్లు గారికి నిద్ర కరువైంది. హోటల్లో గల్లాపెట్టె ముందు కూచుని ఎవరికెంత చిల్లర ఇస్తున్నాడో తెలియకుండా ఇచ్చేవాడు. నేను పుస్తకాలు తిరగేసి, దీపం ఎక్కువైందేమోనన్నాను, తగ్గించాం. ఎండ వేడేమోనన్నాను. ఇంకో ఫ్యాను పెట్టాం. దాంతో నీళ్లు ఇంకా త్వరగా తగ్గాయి, ఆయన ఇంకా ఎక్కువ సముద్రం పోశాడు. మీటరు ముప్పై మూడు చూపించింది. నీళ్లు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి కదా, మరి దీనికేమొచ్చిందీ అని ఇద్దరం తలలు పట్టుకున్నాం.

సాయంత్రం ఆరయ్యేసరికి పూణే నుంచి వీడియో కాల్. మనవరాలు పుట్టింది, ఆ సందడి ఒకవైపు. అది కాగానే ఆవిడ అడిగేది ఒకటే.

"పువ్వు ఎలా ఉందండీ? చూపించండి."

"ఇప్పుడే దీపం ఆపేశాను బాలా. పడుకుంది."

మర్నాడు ఫోను ఛార్జింగు లేదు. ఆ తర్వాత రోజు ముందుగదికి సున్నం వేయిస్తున్నామన్నాడు. నాలుగోరోజు కాల్ అయ్యాక ఆయన ఫోను బల్ల మీద బోర్లించి, తొట్టి ముందు స్టూలు మీద కూచుండిపోయాడు.

"మాస్టారూ, ముప్పై ఒక్క ఏళ్లలో ఆవిడ తనకంటూ తెచ్చుకున్నది ఇదొక్కటేనండి. నగ అడగలేదు, ఊరు అడగలేదు. ఇదొక్కటి నా చేతిలో పెట్టి వెళ్లింది. దీనికేమన్నా అయితే నేనావిడ మొహం చూడలేను."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పాలవాళ్లని గడగడలాడించే మనిషి అలా కూచుని ఉంటే నేనూ ఇంకో స్టూలు లాక్కుని పక్కన కూచున్నాను.

మే మూడోవారంలో ఒక మధ్యాహ్నం పెరటి వైపు నుంచి గొంతు వినిపించింది. "బాబాయ్, ఎండుచేపలు తెచ్చాలే పైనున్న సారుకి! కాఫీ ఉందా?"

వెంకటసుబ్బులు! వేటలేని రోజుల్లో ఎండుచేపలు అమ్ముకుంటూ వచ్చింది. గంప బయట దించి, లోపలికొచ్చి, తొట్టి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓరి నాయనో! పిన్నమ్మ పువ్వుకేంటి, ఇట్టయిపోయింది?"

మా ఘనకార్యాలన్నీ చెప్పాం. దీపం తగ్గించడం, ఫ్యాను పెట్టడం, వారం వారం సూర్యలంక వెళ్లడం. ఆమె మేం చెప్పేది వింటూనే తొట్టిలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. వెంటనే గుమ్మం దాకా పరిగెత్తి తుపుక్కున ఉమ్మేసింది.

"ఇయ్యి సముద్రం నీళ్లా? రోజూ నోట్లో పడే నీళ్లు నాకు తెలీదా బాబాయ్? మా పుట్టిల్లు చినగంజాం. ఉప్పు పండించే కొఠారులో పుట్టి పెరిగినదాన్ని. ఇయ్యి ఉప్పు తేలబోయే ముందర ఉంటాయే, ఆ నీళ్లు."

"చుక్క కలపలేదమ్మా. అచ్చంగా సముద్రమే పోస్తున్నాను రోజూ," అన్నాడాయన.

"అదే కదయ్యా ఉప్పు పండించే తీరు! కయ్యలో సముద్రం పెడతాం. ఎండ నీళ్లు తాగేసుద్ది, ఉప్పు కిందే ఉంటది. తగ్గిన కొద్దీ మళ్లీ సముద్రం పెడతాం. మళ్లీ ఎండ తాగుద్ది. ఆఖరికి పార పెట్టి ఎత్తుకోటమే. మీరిద్దరూ ఇంట్లో ఉప్పు పండిస్తున్నారు."

ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు మిగిలిపోతుంది. ఆరో తరగతి పిల్లవాడికి తెలిసిన సంగతి. నేను జువాలజీ లెక్చరర్ని. నేల చీలితే అందులోకి దూరిపోదామనిపించింది. వేంకటేశ్వర్లు గారు మీటరు తీసి మళ్లీ తొట్టిలో వేసి, ముప్పై మూడు వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. నెలరోజులుగా ఆయన పండగ చేసుకున్న అంకె అది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు సన్నగా.

"ఏముంది, పిన్నమ్మ చెప్పినట్టే. మంచినీళ్లు పొయ్యాలి."

అప్పుడు ఒక్కసారి నా చదువు పనికొచ్చింది. ఒకేసారి పోస్తే దాని ఒంట్లో కణాలు నీళ్లు తాగి పగిలిపోతాయి, రోజుకు అర గీత చొప్పున దించాలి, ఎనిమిది తొమ్మిది గీతలు దిగడానికి పద్దెనిమిది రోజులైనా పడుతుంది అని చెప్పాను. వెంకటసుబ్బులు నన్ను ఎగాదిగా చూసి, "అదేదో ముందే చెప్పొచ్చుగా సారూ," అంది. ఆమె మాట నిజమే.

హోటలు నుంచి ఆర్వో నీళ్లు తెచ్చాం. తొట్టిలోంచి ఒక బిందె ఉప్పునీళ్లు తీసేశాం. ఆ చోట పోయడానికి వేంకటేశ్వర్లు గారు చెంబు నిండా మంచినీళ్లు తీసుకుని స్టూలెక్కాడు. ఎక్కి నిలబడ్డాడు. చెయ్యి వంగలేదు.

"పొయ్యండి బాబాయ్ గారూ," అన్నాను.

"పోస్తున్నానండి."

పోయలేదు. చెంబులో నీళ్లు తొణికి ఆయన పంచె మీద పడుతున్నాయి గానీ తొట్టిలో పడటం లేదు. ఇదేం మనిషి అనిపించింది నాకు. పువ్వు ఆ మూల చావుబతుకుల్లో ఉంది, ఈయన బోర్డు కాపాడుకుంటున్నాడు. కోపం ఆగలేదు.

"ఏంటండీ ఇది? పాలు కావివి! పాలలో నీళ్లు పోస్తే మోసం. ఇక్కడ గాలి ఎత్తుకుపోయిన నీళ్లు తిరిగిస్తున్నారు మీరు. నెలరోజులుగా దాని నోట్లోంచి నీళ్లు లాక్కున్నది మీరూ నేనూ. తిరిగిచ్చెయ్యండి!"

అరిచాననుకుంటాను. పక్కింటి కిటికీ తెరుచుకుంది. వేంకటేశ్వర్లు గారు నా వైపు చూశాడు, పువ్వు వైపు చూశాడు, స్టూలు దిగాడు. వెళ్లి వీధి తలుపు వేశాడు. కిటికీ రెక్కలు మూశాడు. తిరిగొచ్చి స్టూలెక్కి, కళ్లు గట్టిగా మూసుకుని, చెంబు వంచాడు. వెంకటసుబ్బులు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో లెక్క తిరగబడింది. రోజూ పొద్దున హోటలుకి వెళ్లేముందు ఆయన మీటరు వేసేవాడు. అంకె దిగితే సంతోషం. ముప్పై రెండున్నర. ముప్పై రెండు. మెట్ల కింద నుంచి నాకు కేకేసి చెప్పేవాడు. ఒకరోజు తొందరపడి రెండు గీతలు దించేద్దామని చూస్తే నేను చెంబు లాక్కున్నాను. ఇరవై ఎనిమిది దగ్గరికి వచ్చిన రోజున పువ్వు నోరు మూసుకుంది. ఇరవై ఆరుకి వచ్చినప్పుడు పంపు మూల నుంచి కదిలి ఎడమవైపు కిందున్న రాయి దగ్గరికి పాకింది. పాత రాయి ఎక్కలేదు, కొత్తదాని పగుల్లో పాదం దించింది. ఇరవై నాలుగున్నర దగ్గర నిలబెట్టాం. నాలుగు రోజులు ఏ మార్పూ లేదు. అయిదో రోజు పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే కింద నుంచి కేక.

"మాస్టారూ! వచ్చింది! ఉబ్బింది!"

బ్రష్షు నోట్లోనే పెట్టుకుని పరిగెత్తాను. ఒక్క వేలు చివర, ఒకే ఒక్క బుడగ, బఠాణీ గింజంత. ఆయన నన్ను కావిలించుకున్నాడు. టూత్‌పేస్టు ఆయన ఖద్దరు చొక్కాకి అంటుకుంది. ఆ చొక్కాతోనే హోటలుకి వెళ్లి, ఆ పూట అందరికీ కాఫీలు ఊరికే ఇచ్చాడు. ఎందుకిస్తున్నాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు. వారానికి చేపలు రెండూ దాన్ని చేరుకున్నాయి. మునుపటితో పోలిస్తే పువ్వు సగమే ఉంది. కానీ బతికింది.

జూన్ చివరివారంలో బాలాత్రిపురసుందరి గారు దిగింది. వేంకటేశ్వర్లు గారు పొద్దున్నుంచీ తొట్టి అద్దాలు తుడుస్తూనే ఉన్నాడు. ఆవిడ కాళ్లు కడుక్కుని నేరుగా ముందుగదిలోకి వచ్చింది. నేను సామాను మోసుకుంటూ వెనకే ఉన్నాను. తొట్టి ముందు వంగి చూసింది.

"ఇది ఇక్కడికెప్పుడొచ్చింది?"

ఆయన అద్దాలు తుడిచిన గుడ్డని మడత పెట్టాడు.

"పువ్వు సుఖంగా ఉంటే చోటు మారదండీ. ఏమైంది దీనికి?"

నేను సామాను దించి మెల్లగా మెట్ల వైపు జరుగుతున్నాను. వేంకటేశ్వర్లు గారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పు నాది బాలా. నువ్వు చెప్పినట్టు చెయ్యలేదు. నీకు తెలియదు, నాకు తెలుసు అనుకున్నాను."

మొదటి నుంచీ చివరిదాకా చెప్పాడు. సముద్రం పోయడం, మీటరు, కృష్ణానదిని తిట్టడం, సున్నం వేయిస్తున్నామన్న అబద్ధం, వెంకటసుబ్బులు ఉమ్మెయ్యడం, కిటికీలు మూయడం, ఏదీ దాచలేదు. నా పేరు మాత్రం ఎక్కడా ఎత్తలేదు. సిగ్గేసి నేనే వెనక్కి వచ్చి, "అందులో సగం నాదండి పిన్నిగారూ," అన్నాను. ఆవిడ నా వైపు చూడలేదు.

"చచ్చిపోయేదా?"

"పోయేదే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే పసిపిల్లని వదిలేసి వచ్చేస్తావని..." అని మొదలుపెట్టి ఆగాడు. "కాదులే. అది అబద్ధం. భయమేసింది."

ఆవిడ మళ్లీ తొట్టి వైపు తిరిగింది. ఎర్ర గీత దగ్గర వేలు పెట్టి చూసింది. నీళ్లు సరిగ్గా గీత మీద ఉన్నాయి.

"రోజూ మీరే పోశారా?"

"నేనే. నలభై రోజులు. తప్పలేదు."

"నాలుగింటికి లేచా?"

"హోటలు తెరిచే ముందు. అవును."

ఆవిడ పెదవుల చివర నవ్వు కనిపించింది. "అయితే ఇక మీదట కూడా మీరే పొయ్యండి."

ఆయనకి అర్థం కాలేదు. శిక్ష వేసిందేమో అనుకున్నాడు పాపం. "మళ్లీ నా చేతికిస్తావా?" అన్నాడు, నమ్మలేనట్టు.

"ఇస్తున్నాగా. పెళ్లయినప్పటి నుంచీ నాలుగింటికి లేస్తున్నానండీ నేను. హోటలు కోసం కొన్నాళ్లు, ఆమని చదువు కోసం కొన్నాళ్లు, తర్వాత దీనికోసం. చూసుకునే మనిషి ఒకడున్నాడని తెలిసిందిగా. రేపు నేను పడుకుంటాను."

మర్నాడు పొద్దున ఏడు దాటాక కాఫీకని కిందికి దిగాను. హోటలు పని వంటమనిషికి అప్పజెప్పి, వేంకటేశ్వర్లు గారు చెంబు చేత్తో పట్టుకుని తొట్టి ముందు స్టూలు మీద ఉన్నాడు. నన్ను చూడగానే వేలు పెదవుల మీద పెట్టుకుని, మూసి ఉన్న పడగ్గది తలుపు వైపు చూపించాడు.

"మెల్లగా మాస్టారూ. బాల ఇంకా నిద్రపోతోంది."

నేను చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు చెయ్యకుండా బయటికి నడిచాను.